నల్లతెర మీద ఇరవై అయిదు వజ్రాలు

మే నెలలో ఒక శనివారం సాయంత్రం తెనాలిలో ఈదురుగాలి లేచి, అయిదు గంటలకు కరెంటు పోయింది. ఇన్వర్టరు ఏడున్నర దాకా లాక్కొచ్చి చేతులెత్తేసింది. మళ్లీ కరెంటు వచ్చేసరికి రాత్రి పది దాటింది. ఫ్యాను తిరగగానే మావారు పడుకున్నారు, నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పుస్తకాలకు ప్రూఫులు దిద్దడం, పేజీలు కట్టి ప్రెస్సుకు పంపడం నా పని. సోమవారం పొద్దున్నే పంపాల్సిన శతక వ్యాఖ్యానం ఒకటి, 184 పేజీలది, అందులోనే ఉంది. చివరి 30 పేజీల దిద్దుబాట్లు మిగిలాయి.

మీట నొక్కాను. నల్లతెర మీద నాలుగు వరుసల ఇంగ్లీషు వచ్చింది. చివరి వరుసలో ఉన్న ఎఫ్1 అన్న మాట ఒక్కటే నా కంటికి ఆనింది. అది నొక్కితే ముందుకు వెళుతుంది కాబోలనుకుని నొక్కాను. పై మూడు వరుసల్లో ఏముందో చదవలేదు. ముప్పై ఏళ్లుగా ఇతరుల అచ్చుతప్పులు పట్టుకుని బతుకుతున్నదాన్ని. ఆ మూడు వరుసలూ చదివి ఉంటే పది నిమిషాల్లో లేచి వెళ్లి పడుకునేదాన్ని.

తెర ఒకసారి ఆరి మళ్లీ వెలిగింది. ఈసారి రెండే మాటలు. డిస్కులో అలాంటి విభాగం లేదని ఒకటి, రెస్క్యూ మోడ్‌లోకి వెళుతున్నానని ఇంకొకటి. వాటి కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని పేరు, పక్కనే మిణుకుమిణుకుమంటున్న చిన్న గీత. గ్రబ్ అంటే మిషను వేయగానే లినక్స్‌ను ఎక్కించే చిన్న ప్రోగ్రాము. ఏ మీట నొక్కినా ఆ గీత పక్కన ఆ అక్షరం పడటం తప్ప మరేమీ జరగలేదు. ఆపి మళ్లీ వేశాను. అదే. మూడోసారి వేశాను. అదే.

మిషను సంగతి కొంచెం చెప్పాలి. 2013లో విడిభాగాలు కొని కూర్పించిన డెస్క్‌టాప్ అది. అప్పట్లో విండోస్ 7, ఒక టెరాబైటు హార్డ్ డిస్కు. 2019లో అదే డిస్కులో ఒక మూల ఖాళీ చేసి, విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వేసి చూశాను, నచ్చింది. 2020 జనవరి 14తో విండోస్ 7కు నవీకరణలు ఆగిపోయాయి. అప్పుడు 240 గిగాబైట్ల ఎస్ఎస్‌డీ, అంటే వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు, కొని దానిలో డెబియన్ 10 అనే మరో రకం లినక్స్ వేసుకుని, తరువాత 11కు, 12కు మారుతూ వచ్చాను. పాత డిస్కులో ఉబుంటు ఉన్న విభాగాన్ని చెరిపేశాను. విండోస్ ఫైళ్లు కూడా తీసేశాను. మా నాన్న పద్యాలు మాత్రం ఉంచాను. నాన్న పద్యనాటకాలు వేసేవారు. ఆయన కృష్ణుడి పద్యాలు, చుట్టుపక్కల ఊళ్లలో ఎవరెవరో టేప్‌రికార్డర్లలో పట్టిన క్యాసెట్లు, అన్నీ కూడగట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. డిస్కు బరువంతా అదే. మిగతాదంతా ఖాళీ.

లినక్స్‌లో పనిచేసే ప్రూఫ్‌రీడరును మా ఊళ్లో మరొకరిని నేను చూడలేదు. అందుకని ఇబ్బంది వచ్చినప్పుడు అడగడానికి ఇద్దరే ఉంటారు. ఒకరు మా వీధి చివర రిపేరు షాపతను. ఫోను చేస్తే ఒక్క మాటలో తేల్చేశాడు. “ఫార్మాట్ చేసి విండోస్ వేసేద్దామండీ, సోమవారం సాయంత్రానికి ఇచ్చేస్తాను.” ఆ మాట నాకు కొత్త కాదు. పంటినొప్పి అని వెళ్లినా, పన్ను కదులుతోందని వెళ్లినా పీకేద్దామనే వైద్యుడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు.

రెండో మనిషి హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య కొడుకు. సర్వర్లు చూసుకునే ఉద్యోగం, రాత్రి డ్యూటీలు. వాడితో నాకు ఎప్పుడూ ఉండే తగాదా ఒకటే. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపుతాడు. నేను వాటికి జవాబివ్వను. ఆ రాత్రి మాత్రం నేనే ముందు ఫోను చేశాను.

“అత్తయ్యా, ముందు ఏమీ చేయకండి. తెర నాకు చూపించండి” అన్నాడు. వీడియో కాల్‌లో చూపించాను.

“సెట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి.”

రెండు వరుసలు వచ్చాయి. గ్రబ్ తన సామాను ఎక్కడ ఉందనుకుంటోందో అందులో ఉంది. హెచ్‌డీ సున్నా, ఎంఎస్‌డాస్ 5, అంటే మొదటి డిస్కులో అయిదో విభాగం. తరువాత ఎల్ఎస్ అని కొట్టమన్నాడు. ఉన్న డిస్కులు, విభాగాలు వరుసగా వచ్చాయి. మొదటి డిస్కులో ఒకటో విభాగం ఉంది, రెండో డిస్కులో ఒకటో విభాగం, అయిదో విభాగం ఉన్నాయి. మొదటి డిస్కులో అయిదో విభాగం అన్నదే లేదు. లేనిదాన్ని వెతుకుతోంది కాబట్టి లేదంటోంది. అబద్ధమేమీ చెప్పలేదు.

రెండో డిస్కు ఒకటో విభాగంలో ఏముందో చూశాం. హోమ్, ఈటీసీ, బూట్, అన్నీ వరుసగా కనిపించాయి. నా డెబియన్ పదిలంగా ఉంది. శతక వ్యాఖ్యానం కూడా అక్కడే ఎక్కడో ఉండాలి. అప్పుడే కాస్త ఊపిరాడి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

“సరే, దారి మనమే చూపిద్దాం” అన్నాడు. గ్రబ్ వెతికే చోటును రెండో డిస్కుకు మార్చి, నార్మల్ అనే భాగాన్ని ఎక్కించమని ఆజ్ఞ ఇవ్వాలి. ఒక్కొక్క అక్షరం వాడు చెబుతుంటే నేను కొట్టాను. కుండలీకరణం, కామా, ఏటవాలు గీత, ఏదీ వదలకుండా. ఎంటర్ నొక్కితే కొత్త తప్పు వచ్చింది. గ్రబ్ అండర్‌స్కోర్ కాలాక్ అనే గుర్తు దొరకలేదట.

ఫోనులో కాసేపు నిశ్శబ్దం. తరువాత నవ్వు. “అత్తయ్యా, మీ మిషనులో రెండు గ్రబ్‌లు ఉన్నాయి. ఇప్పుడు మనతో మాట్లాడుతున్నది ముసలిది.”

వాడు చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇదీ. మిషను లేవగానే బయాస్ (మదర్‌బోర్డులోనే ఉండి మిషనును మొదట లేపే ప్రోగ్రాము) ఒక డిస్కును ఎంచుకుని, దాని మొదటి 512 బైట్లు చదువుతుంది. అందులో 446 బైట్లు బూట్ కోడు, మిగతావి విభాగాల పట్టిక, చివర రెండు బైట్ల ముద్ర. ఆ చిన్న కోడు గ్రబ్‌ను లేపుతుంది, గ్రబ్ వెళ్లి లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్‌ను లేపుతుంది. 2020లో నేను పాత డిస్కులోని ఉబుంటు విభాగాన్ని చెరిపేశాను గానీ, ఆ 446 బైట్ల జోలికి ఎవరూ పోలేదు. విభాగం చెరిపితే పట్టికలో ఆ వరుస పోతుంది, బూట్ కోడు పోదు. అయిదేళ్లుగా అది అక్కడే ఉంది, లేని ఇంటికి దారి చెబుతూ. ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ అడగలేదు, అంతే. ఇక కాలాక్ అన్నది 2020లో గ్రబ్‌లో భద్రతా లోపాలు దిద్దినప్పుడు చేరిన ముక్క. కొత్త గ్రబ్ భాగాలు దాన్ని అడుగుతాయి, 2019 నాటి గ్రబ్‌కు ఆ పేరే తెలియదు. వయసు ఎక్కడ బయటపడుతుందో చూడండి.

నాకు ఈ భాగం అంతటిలోకీ నచ్చింది ఇదే. పాత ముద్రణకూ కొత్త ముద్రణకూ తేడా ఒక్క పాఠభేదంతో పట్టుకున్నట్టుంది.

బయాస్ పాత డిస్కును ఎందుకు ఎంచుకుందన్నది అప్పుడే అడగాల్సిన ప్రశ్న. నేను అడగలేదు. వాడికి ఆఫీసులో ఏదో అలారం మోగింది, అరగంటలో చేస్తానని పెట్టేశాడు. అరగంట ఆగితే నేనెందుకు నేనవుతాను! ముసలి గ్రబ్ పాత డిస్కులో ఉంటే, ఆ డిస్కు తీసేస్తే సరిపోతుందని తోచింది. ప్లగ్గు పీకి, క్యాబినెట్ పక్క రేకు రెండు స్క్రూలు విప్పి తీశాను. దుమ్ము మెత్తగా పేరుకుని ఉంది, పిండిమరలో గోడలకు పట్టినట్టు. పాత డిస్కుకు వెళ్లే ఎర్ర సాటా కేబులు, దాని పక్కనే కరెంటు కేబులు, రెండూ ఊడదీసి మళ్లీ మీట నొక్కాను.

ఎఫ్1 వరుసలు మళ్లీ వచ్చాయి, మళ్లీ చదవకుండానే నొక్కాను. డెబియన్ మెనూ వచ్చింది! ఎంటర్. గెలిచాననుకున్నాను.

తెర నల్లగానే ఉండిపోయింది. కొన్ని క్షణాలకు ఎడమ పక్కన మూడు ఎర్ర చుక్కలు అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాయి. పక్కన పొడవాటి పేరొకటి, చివర కుండలీకరణంలో పరుగెత్తే అంకెలు. పన్నెండు సెకన్లు, నిమిషం ముప్పైలో. పదమూడు, నిమిషం ముప్పైలో. ఏదో డిస్కు కోసం ఎదురుచూస్తోంది. రాత్రి పదకొండున్నరకు చీకటి గదిలో తొంభై సెకన్లు ఎంత పొడుగో, రైల్వే గేటు దగ్గర నిలబడినవాళ్లకు తెలుస్తుంది. తొంభై పూర్తయ్యాయి. ఆ డిస్కు రాలేదని, దాని మీద ఆధారపడినవి ఆగిపోయాయని చెప్పి, ఎమర్జెన్సీ మోడ్‌లో ఉన్నావని ప్రకటించింది. ఆ మోడ్‌లో రూట్, అంటే మిషను మీద సర్వాధికారాలూ ఉన్న ఖాతా, పాస్‌వర్డు అడిగి లోపలికి రానిస్తుంది. నన్ను మాత్రం పాస్‌వర్డు అడగను కూడా అడగలేదు. రూట్ ఖాతాకు తాళం వేసి ఉంది, తలుపు తీయలేను, ఎంటర్ నొక్కు అంది. నొక్కితే కాసేపు తిరిగి మళ్లీ అదే చోటికి వచ్చింది.

ఈ తాళం నేనే వేశాను. డెబియన్ వేసేటప్పుడు రూట్ పాస్‌వర్డు దగ్గర ఖాళీగా వదిలేస్తే రూట్ ఖాతాను మూసేసి, మామూలు వాడకందారుకే సుడో అనే ఆజ్ఞతో ఆ అధికారం ఇస్తుంది. రోజువారీ పనికి అదే మంచిదని అందరూ చెబుతారు, నేనూ ఒప్పుకుంటాను. మిషను లేవనప్పుడు మాత్రం చంకలో తాళంచెవి పెట్టుకుని గుమ్మం బయట నిలబడ్డట్టే.

మేనల్లుడు అన్నట్టే అరగంటకు చేశాడు. డిస్కు తీసేశానని చెబితే తిట్టలేదు గానీ, “అరగంట ఆగలేకపోయారా?” అన్నాడు. తరువాత, “ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్కు పేరు ఉందా?” అని అడిగాడు.

ఉంది. లేవగానే ఏ విభాగాన్ని ఏ ఫోల్డరుకు తగిలించాలో చెప్పే చిన్న పట్టిక ఎఫ్ఎస్‌ట్యాబ్. పాత డిస్కు ప్రతిసారీ దానంతట అదే తెరుచుకోవాలని 2020లో నేనే ఒక వరుస చేర్చాను. అందులో రాసిన ప్రతి డిస్కూ తప్పనిసరి అని, కెర్నెల్ లేచాక మిగతా పనులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ లెక్క. తప్పనిసరి కాదని చెప్పాలంటే నోఫెయిల్ అన్న మాట చేర్చాలి. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. డిస్కు తగిలి ఉంటే ముసలి గ్రబ్ దారి తప్పిస్తుంది, తీసేస్తే కొత్త గ్రబ్ దారి చూపినా సిస్టమ్‌డీ గుమ్మంలో ఆపేస్తుంది. అదీ నా పరిస్థితి.

కేబులు మళ్లీ పెట్టి, బయాస్‌లోకి వెళ్లి డిస్కుల వరుస మార్చడం దగ్గరి దారి. అది తెల్లారాక గానీ మా ఇద్దరికీ తట్టలేదు. పన్నెండు గంటలకు బుర్ర ఎదురుగా ఉన్న గోడనే బద్దలు కొట్టాలని చూస్తుంది, పక్కనున్న తలుపును చూడదు. వాడు చెప్పిన దారి ఇది. డెబియన్ మెనూ రాగానే ఇంగ్లీషు ‘e’ అక్షరం నొక్కితే ఆ ఎంపిక వెనకున్న ఆజ్ఞలు కనిపిస్తాయి. అందులో లినక్స్ అని మొదలయ్యే పొడవైన వరుస చివరికి వెళ్లి, ఇనిట్ సమానం ఏటవాలు గీత బిన్ ఏటవాలు గీత బ్యాష్ అని చేర్చాలి. అంటే, లేవగానే సిస్టమ్‌డీని పిలవకుండా నేరుగా ఆజ్ఞలు తీసుకునే తెర ఇమ్మని అడగడం. ఎఫ్10 నొక్కితే ఆ ఒక్కసారికే ఆ మార్పు పనిచేస్తుంది. పాస్‌వర్డు అడగదు. ఇంత తేలికా అని ఆశ్చర్యపోయాను. ఇంట్లో మిషను ముందు కూర్చోగలిగినవాడి నుంచి మిషనును కాపాడాలంటే డిస్కుకే రహస్య సంకేతం వేసుకోవాలట. నేను వేసుకోలేదు. ఆ రాత్రికి అదే మంచిదయింది.

తెర వచ్చింది. క్యాట్ అనే ఆజ్ఞతో ఎఫ్ఎస్‌ట్యాబ్‌ను తెర మీదికి పోశాను.

మొదట డెబియన్ తనకు తాను రాసుకున్న ఇంగ్లీషు వ్యాఖ్యలు. తరువాత డెబియన్ విభాగం, స్వాప్ విభాగం, ఒక్కొక్కదానికి 36 అక్షరాల పొడవైన గుర్తింపు సంఖ్య. చివర ఒక వరుసలో 16 అక్షరాల పొట్టి సంఖ్య. విండోస్ నాటి ఎన్‌టీఎఫ్ఎస్ విభాగాలకు అంతే ఉంటుంది, అది నాన్న డిస్కు. ఆ వరుసకు పైన ఇంకో వరుస ఉంది. ముందు హ్యాష్ గుర్తు, అంటే మిషను పట్టించుకోని, మనుషుల కోసం రాసిన వ్యాఖ్య. ఆ గుర్తు తరువాత వరుసగా తెల్లని వజ్రాలు. ఒక్కో వజ్రం నడుమ ఒక్కో ప్రశ్నార్థకం.

అది నేనే రాసిన వాక్యం. తెలుగులో రాశాను. లినక్స్ నల్లతెర ఫాంటులో మహా అయితే 512 బొమ్మలు పడతాయి. మన గుణింతాలనూ ఒత్తులనూ పేర్చి అక్షరం కట్టే పద్ధతి దానికి అసలే లేదు. తెలియని ప్రతి గుర్తుకూ ఒక వజ్రం పెట్టి ఊరుకుంటుంది. డెస్క్‌టాప్ దాకా లేస్తేనే తెలుగు. అంతవరకూ తెలుగు చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ ఒకటే.

ఆ కింది వరుసను తొలగించాలి. దాని పైన నేనే నాకు ఏదో జాగ్రత్త చెప్పుకున్నాను. ఏమని? ఈ వరుస మారిస్తే ఫలానాది చెడుతుందనా? ముందు ఫలానాది చేయమనా? వజ్రాలు లెక్కపెట్టాను. మొదటి మాటలో అయిదు. రెండో మాటలో అయిదు, తరువాత చుక్క. ఆపైన ఏడు, చివర ఎనిమిది. మొత్తం ఇరవై అయిదు. యూనికోడ్‌లో అక్షరం వేరు, గుణింతపు గుర్తు వేరు, పొల్లు వేరు. ‘పాత’ అంటే ప, దీర్ఘం, త, మూడు. కాబట్టి ‘పాత’తో మొదలుపెట్టలేదు. ‘డిస్కు’ అంటే ఆరు, అదీ కాదు. ‘జాగ్రత్త’ అంటే జ, దీర్ఘం, గ, పొల్లు, ర, త, పొల్లు, త, ఎనిమిది. చివరి మాట అది కావచ్చు. నాకు చెమట పట్టింది. శిథిల ప్రతులు పరిష్కరించేవాళ్లు లుప్తాక్షరాలను ఛందస్సు పట్టుకుని పూరిస్తారు. నా వచనానికి ఛందస్సు కూడా లేదు.

“బైట్లు చూపించండి, నేను చదివిపెడతాను. ఒక్కో గుర్తుకు మూడు బైట్లే” అన్నాడు మేనల్లుడు. ఇరవై అయిదు మూళ్లు డెబ్బై అయిదు. అర్ధరాత్రి వాడికి డెబ్బై అయిదు బైట్లు చదివి వినిపించే ఓపిక నాకు లేదు. వరుసను చెరపకుండా దాని ముందు కూడా హ్యాష్ పెడదాం, రేపు తీసేయవచ్చు అన్నాను. వాడు ఒప్పుకున్నాడు.

నానో అనే ఎడిటరు తెరిచి హ్యాష్ పెట్టి భద్రపరచబోతే, ఇది చదవడానికి మాత్రమే అంది. ఈ దారిన వచ్చినప్పుడు డిస్కు అలాగే తెరుచుకుంటుందట. బయటికి వచ్చి, రాయడానికి వీలుగా మళ్లీ తగిలించే రీమౌంట్ ఆజ్ఞ ఇచ్చి, మళ్లీ నానో. ఈసారి రాసింది. రాసింది డిస్కులోకి పూర్తిగా చేరేలా సింక్ అని కొట్టమన్నాడు, కొట్టాను. రీబూట్ అని కొట్టాను. సిస్టమ్‌డీతో లేవలేదు కాబట్టి కుదరదంది. వాడు ఇంకేదో చెప్పబోతుంటే, బయటికి పోవడానికి ఎగ్జిట్ చాలుగా అని నేనే కొట్టేశాను.

కెర్నెల్ పానిక్. తెర నిండా సంఖ్యలు. నా చేతులు మీటల మీద అలాగే గడ్డకట్టాయి. ఫోనులో వాడు పగలబడి నవ్వుతున్నాడు. మిషనులో నడుస్తున్న ఒకే ఒక్క మొదటి ప్రక్రియ ఆ తెరే. దాన్ని నేను మూసేశాను కాబట్టి కెర్నెల్ గుండెలు బాదుకుందట. “సింక్ చేశారుగా, ఏమీ కాదు. మీట నొక్కి పట్టుకుని ఆపేయండి, మళ్లీ వేయండి” అన్నాడు. నవ్వు తగ్గాక.

ఒంటిగంట పదికి డెస్క్‌టాప్ వచ్చింది. శతక వ్యాఖ్యానం తెరిచాను. 184 పేజీలూ ఉన్నాయి. కరెంటు పోకముందు భద్రపరచని పేజీన్నర దిద్దుబాట్లు లిబ్రె ఆఫీసు తనంతట తాను తిరిగి తెచ్చింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పడుకున్నాను. గడియారం చూడనేలేదు.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ చూశాను. తెర మూలన గడియారం తప్పు. ఇంటర్నెట్ తగిలించగానే గబుక్కున సరైన సమయానికి వచ్చేసింది. కరెంటు ఎక్కువసేపు పోయిన ప్రతిసారీ ఇలా అవుతోందని, చాలా నెలలుగా చూస్తూ ఊరుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. మిషను ఆపి, ప్లగ్గు తీసి, కాసేపాగి మళ్లీ వేస్తే ఎఫ్1 వరుసలు వచ్చాయి, ఈసారి నొక్కలేదు. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చదివాను. సీమాస్ (బయాస్ అమరికలు దాచుకునే చోటు) చెక్‌సమ్ సరిపోలేదు, ఫ్యాక్టరీ అమరికలు వేసుకున్నాను, సరిచేయడానికి డిలీట్, ఇలాగే పోవడానికి ఎఫ్1. రాత్రి నేను నాలుగుసార్లు నొక్కి తోసేసిన సమాధానం ఇది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ దానితో పనిలేదు. కరెంటు పూర్తిగా పోయినప్పుడు బయాస్ అమరికలనూ గడియారాన్నీ నిలబెట్టేది అదే. ఇన్నేళ్లూ ఇన్వర్టరు పుణ్యమా అని దాని చావు నాకు పూర్తిగా తెలిసిరాలేదు. శనివారం ఇన్వర్టరు కూడా పడిపోయాక, బయాస్ నేను పెట్టిన డిస్కుల వరుసను మరచిపోయి, మొదటి సాకెట్‌లో ఉన్న పాత డిస్కును పట్టుకుంది.

గోటితో చిన్న కొక్కెం వెనక్కి నొక్కితే బ్యాటరీ ఎగిరి బయటికి వచ్చింది. మీద సీఆర్ 2032 అని ఉంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, పేరులోనే కొలతలు. దాన్ని కాగితంలో చుట్టుకుని రణరంగ చౌక్ దగ్గర వాచీలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన మీటరు ముళ్లు ఆనించి, “రెండు వోల్టులు కూడా లేదమ్మా, మూడు ఉండాలి” అని కొత్తది ఇచ్చాడు. నలభై రూపాయలు. ఏ వాచీకి అని అడిగాడు. కంప్యూటర్‌కు అంటే నమ్మినట్టు లేదు.

మిగతా పని గబగబా అయిపోయింది. కొత్త బ్యాటరీ, సరైన తేదీ, డిస్కుల వరుసలో ఎస్ఎస్‌డీ ముందు. నాన్న డిస్కు మళ్లీ తగిలించాను. ముసలి గ్రబ్‌ను లేపే 446 బైట్లను సున్నాలతో తుడిచేయవచ్చు అన్నాడు మేనల్లుడు. ఆ ఆజ్ఞలో ఒక అంకె తప్పితే విభాగాల పట్టిక కూడా పోతుంది. నేను వద్దన్నాను. దానికి బదులు గ్రబ్ అమరికల తెరలో రెండు డిస్కులకూ టిక్కు పెట్టి, కొత్త గ్రబ్‌నే రెండింటి మీదా వేయించాను. ఇక బయాస్ ఏ డిస్కును పట్టుకున్నా నా డెబియనే లేస్తుంది. డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్ వివరాలు కూడా చూశాం. చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు ఎనిమిది. పద్యాలన్నీ ఆ మధ్యాహ్నమే ఎస్ఎస్‌డీలోకి, ఇంకో కొత్త డిస్కులోకి ఎక్కించాను. ఒక్క ఫైలు సగంలో రెండుసార్లు ఆగి మూడోసారి వచ్చింది.

చివరగా ఎఫ్ఎస్‌ట్యాబ్. రాత్రి పెట్టిన హ్యాష్ తీసేయడానికి డెస్క్‌టాప్‌లో తెరిచాను. వజ్రాల చోట అక్షరాలు ఉన్నాయి.

‘నాన్న గొంతు. ఎప్పుడూ తీయకూడదు’.

అయిదు, అయిదు, ఏడు, ఎనిమిది. నాన్న పోయిన రెండో ఏడు రాసి ఉంటాను. ఆ రాత్రంతా ‘డిస్కు’ అనే చూశాను గానీ ‘నాన్న’కు అయిదని ఒక్కసారి కూడా లెక్కకు రాలేదు.

హ్యాష్ తీసేసి, వరుస చివర కామా పెట్టి నోఫెయిల్ చేర్చాను, అయిదు సెకన్లకు మించి ఎదురుచూడవద్దని ఇంకో మాట కూడా. తీయకూడదన్న వాక్యాన్ని అలాగే ఉంచాను. దాని కింద, ఈ డిస్కు లేకపోయినా మిషను లేస్తుంది, ఏం చేయాలన్నా ముందు బయాస్ వరుస చూడు అని ఇంకో వ్యాఖ్య రాశాను. నల్లతెర మీద కూడా చదువుకోగలగాలి కాబట్టి ఆ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. మేనల్లుడికి ఈ సంగతి చెప్పలేదు.